బ్రేకప్ పోస్టు ఎక్కడ తగులుతుంది, ఎందుకు తగులుతుంది

"నా గుండె వెయ్యి ముక్కలైంది. ప్రేమంటేనే నమ్మకం పోయింది."

"ఆమదాలవలస స్టేషన్లో అలవాటుగా రెండు టీలు చెప్పేశాను. తర్వాత ఒకటి వద్దన్నాను."

రెండూ బ్రేకప్ పోస్టుల మొదటి వాక్యాల్లాంటివే. ఉదాహరణ కోసం ఇక్కడ రాశాను. మొదటిదానికి ఏడుపు బొమ్మలు నాలుగు వస్తాయి, ఎవరో "ధైర్యంగా ఉండు" అంటారు, జనం కిందికి జరిగిపోతారు. రెండోదాని కింద పేరాలకి పేరాలు కామెంట్లు పడతాయి. ఒకరికి విజయనగరం సిరిమాను పండగ నాడు జనంలో తప్పిపోతామని గట్టిగా పట్టుకున్న చెయ్యి గుర్తొస్తుంది. ఇంకొకరికి ఇప్పటికీ తీసెయ్యని రీఛార్జ్ రిమైండర్ గుర్తొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రకారు ఫోన్లలో ఇలాంటి పోస్టులు రోజూ తిరుగుతున్నాయి. వీటిని "అటెన్షన్ కోసం" అని కొట్టిపారేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది అన్యాయం అనిపిస్తుంది నాకు. ఈ పోస్టులు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ చెడిపోతాయో తెలుసుకుంటే రాసేవాళ్ళకీ మేలు, చదివేవాళ్ళకీ మేలు.

వెయ్యి ముక్కలైన గుండెని ఎవరూ చూడలేదు. రెండు టీలు చెప్పడం మాత్రం అందరూ చేసే పని. మనిషి వెళ్ళిపోయిందని మనసుకి తెలిసినా నోటికి ఇంకా తెలీదన్న సంగతి ఆ చిన్న ముక్కలో ఉంది. చదివినవాళ్ళు తమ నోరు, తమ చెయ్యి ఎప్పుడు అలా పొరబడ్డాయో వెతుక్కుంటారు. చావింటికి వెళ్ళినప్పుడు గమనించే ఉంటారు: ఒకావిడ రాగం తీస్తే పక్కావిడ అందుకుంటుంది, ఆవిడ ఏడ్చేది ఏళ్ళ కిందట పోయిన తన తమ్ముణ్ణి తలుచుకుని. బ్రేకప్ పోస్టు కింద జరిగేదీ అదే. మీ కథ చదివి ఎవరూ ఏడవరు. మీ కథలో తమ కథకి కూర్చునే చోటు దొరికితే ఏడుస్తారు. ఆ చోటు ఉంచడమే ఇందులో పనితనం.

మన జిల్లాల్లో ఈ పోస్టులకి ఇంత గిరాకీ ఉండడానికి ఇంకో పెద్ద కారణముంది. మనిషి పోతే పదో రోజు, పదకొండో రోజు అని వరస ఉంది. చుట్టాలు వస్తారు, పక్కింటివాళ్ళు అన్నం వండి పంపుతారు. మొగుడూ పెళ్ళాం విడిపోతే పెద్దమనుషులు కూర్చుంటారు, కోర్టు ఉంది. ప్రేమ విరిగితే ఏ వరసా లేదు. ఇంట్లో తెలియకుండా మూడేళ్ళు నడిచింది ఇంట్లో తెలియకుండానే ముగిసిపోతుంది. అమ్మ ఎదురుగా కూర్చుని చద్దన్నం తింటూ ఏమీ జరగనట్టు ఉండాలి. మర్నాడు పొద్దున్న డీఎస్సీ కోచింగ్‌కో, సచివాలయం డ్యూటీకో వెళ్ళాల్సిందే. బెల్జియం మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమే 1991 నుంచి చేసిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, బలమైన ఉద్వేగం కలిగితే మనుషులు దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరికి చెప్పుకుంటారు, చాలాసార్లు ఆ రోజే చెప్పుకుంటారు. ఇంట్లో ఆ దారి మూసుంటే మాట ఫోన్లోంచి బయటికొస్తుంది.

పైగా ఆ ప్రేమ కాపురమున్నదే ఫోన్లో. అబ్బాయి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు, తీరం ఊళ్ళవాళ్ళయితే వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్తారు. అమ్మాయి ఇక్కడ నరసన్నపేటలోనో చీపురుపల్లిలోనో డిగ్రీ చదువుతుంటుంది. పలకరింపు, అలక, బతిమాలడం, చివరికి తెగతెంపులు అన్నీ ఆ తెరమీదే జరిగాయి. వలస ఎక్కువున్న చోట ఈ పోస్టులు మరింత తగలడంలో ఆశ్చర్యమేమీ లేదు.

చెప్పుకోవడమన్నది మనకి కొత్తా కాదు. మన పాత ప్రేమ పాటలైన పదాల్లో, జావళీల్లో నాయిక చాలాసార్లు గోడు వెళ్ళబోసుకునేది చెలికత్తె దగ్గర. పోస్టు చదివేవాళ్ళది ఆ చెలికత్తె పీట. అలంకార శాస్త్రం చెప్పిన ఎనిమిది మంది నాయికల్లో ముగ్గురు ఈ పోస్టుల్లో పదేపదే కనిపిస్తారు. ఇంకొకరి దగ్గర రాత్రి గడిపి వచ్చినవాణ్ణి నిలదీసే ఖండిత. రమ్మన్నచోటికి వెళ్ళి, వాడు రాక మోసపోయిన విప్రలబ్ధ. పోట్లాడి తనే పొమ్మని, తర్వాత కుమిలిపోయే కలహాంతరిత. ఆడా మగా తేడా లేకుండా పోస్టులన్నీ దాదాపు ఈ మూడు గొంతుల్లోనే ఉంటాయి.

మూడింటి ప్రయాణం మాత్రం ఒకలా ఉండదు. జోనా బెర్గర్, కాథరిన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్‌లో మూడు నెలలపాటు వచ్చిన దాదాపు 7,000 వ్యాసాలు తీసుకుని, పాఠకులు వేటిని ఇతరులకి ఎక్కువగా పంపుతున్నారో చూసి 2012లో ప్రచురించారు. కోపం, ఆందోళన, అబ్బురం పుట్టించినవి ఎక్కువ పంచుకున్నారు. దిగులు పుట్టించినవి తక్కువ. ఖండిత పోస్టు అందుకే ఒక్క రాత్రిలో ఊరంతా తిరుగుతుంది. కోపం షేర్ బటన్ నొక్కిస్తుంది. కలహాంతరిత పోస్టు గోడమీద అంతగా తిరగదు, మెసేజ్‌గా ఒకే ఒక్క స్నేహితురాలికి వెళ్తుంది: "ఇది చదివేవా? మనం మాట్లాడుకున్నదే." నా మటుకు బలమైన పోస్టు ఇదే. "నేను మూడుసార్లు ఫోన్ ఎత్తలేదు, నాలుగోసారి తను చెయ్యలేదు" అని తన వంతు ఒప్పుకున్న మనిషిని చదివేవాళ్ళు నమ్ముతారు. ఒప్పుకోలులో తనకేమీ లాభం లేదని కనిపిస్తూనే ఉంటుంది కదా.

ఇక ఆ యాప్‌ల లెక్కలు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ పోస్టులు చూపించే వరసని మార్చి, స్నేహితులూ బంధువులూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేసే పోస్టుల్ని పైకి తెస్తామని ప్రకటించింది. సొంత కథలతో కామెంట్లు పడే బ్రేకప్ పోస్టు ఆ వరసకి అతికినట్టు సరిపోయింది. ఇన్‌స్టాగ్రామ్ పెద్దలు ముఖ్యమని చెప్పే గుర్తులు కూడా చూసిన సమయం, లైకులు, మెసేజ్‌లో ఇంకొకరికి పంపడం. మొదటి వాక్యం దగ్గర వేలు ఆగి, "ఇంకా" నొక్కి, చదివి, ఒకరికి పంపితే మూడూ అయిపోయినట్టే.

ఆ మొదటి వాక్యం దగ్గర తెలుగులో రాసేవాళ్ళకి ఒక చిక్కుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి హద్దు 2,200 క్యారెక్టర్లు, పైకి కనిపించేది సుమారు 125. కంప్యూటర్ లెక్కలో మన గుణింతం, వత్తు, సున్న దేనికదే విడి. "శ్రీకాకుళం" మన కంటికి నాలుగు అక్షరాలు, యూనికోడ్ లెక్కకి 10. అంటే పైకి కనిపించే చోటు పది పన్నెండు తెలుగు మాటలకి నిండిపోతుంది. "ఈ విషయం చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, చివరికి ఈరోజు ధైర్యం చేసి" అని మొదలుపెడితే అసలు సంగతి మడతలో పడిపోతుంది. వస్తువు, చోటు, జరిగిన పని ఈ మూడూ మొదటి పది మాటల్లో ఉండాలి. మొత్తం క్యాప్షన్‌లో సుమారు 200 మాటలు పడతాయి, 150 దగ్గర ఆపడం మంచిది.

ఎవరితో మాట్లాడుతున్నట్టు రాయాలన్నది కూడా చూసుకోవాలి. "నువ్వు నన్నిలా వదిలేస్తావనుకోలేదు" అని నేరుగా అవతలి మనిషితో మాట్లాడితే, చదివేవాళ్ళు ఇద్దరి మధ్యకి పొరపాటున వచ్చినట్టు ఇబ్బందిపడి పక్కకి తప్పుకుంటారు. "తను" అని చెప్తే చెలికత్తె పీట ఖాళీగా ఉన్నట్టు, వచ్చి కూర్చుంటారు. యాసలో మాట్లాడి రీల్ పెట్టేవాళ్ళకి ఇంకో బలం ఉంది. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర యాసని నవ్వించడానికే ఎక్కువగా వాడుకున్నారు. ఆ యాసలో దుఃఖం నిదానంగా, పాట పెట్టకుండా, సొంత గొంతుతో వినిపిస్తే మనవాళ్ళకి అది ఇంట్లో మాటలా తగులుతుంది. వెనకాల ఏడుపు పాట పెడితే ఆ బలం సగం పోతుంది.

రాసే ముందు ఒక పని. పోస్టు కోసం కాకుండా మీకోసం మొదట రాసుకోండి. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు తమని బాధించిన సంగతి రాశారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిందీ అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఆ కాగితాల్ని వాళ్ళు ఊళ్ళో ఎవరికీ చూపించలేదన్నది గుర్తుంచుకోవాలి. మేలు చేసింది రాయడం, దానికి లైకులు అక్కర్లేదు. ఫోన్లో నోట్స్‌లోనో, పాత పుస్తకం వెనక అట్టమీదో ఆ నాలుగు రోజులు రాయండి. ఐదో రోజు ఏమీ రాయొద్దు. ఆరో రోజు చదివితే పోస్టుకి పనికొచ్చే వాక్యాలు మూడో నాలుగో కనిపిస్తాయి. అవి తిట్లున్న చోట ఉండవు, టీ గ్లాసు, బస్సు సీటు, చెప్పుల జత లాంటివున్న చోట ఉంటాయి.

అందరికీ ఇది పడదు. డేవిడ్ స్బారా బృందం 2013లో భార్యాభర్తలుగా విడిపోయిన 90 మందితో ఇలా రాయించి చూసింది. "ఎందుకిలా జరిగింది" అని అదేపనిగా తవ్వుకునే స్వభావమున్నవాళ్ళకి మనసులోది రాయడం చెరుపే చేసింది. వాళ్ళు ఆ రోజు ఏం చేశారో మామూలుగా రాసుకున్నప్పుడే తొందరగా తేరుకున్నారు. మీరు అలాంటి మనిషైతే, పొద్దున్న ఎన్నింటికి లేచారు, ఏం వండారు, ఏ బస్సెక్కారు, అంతే రాయండి. పోస్టు సంగతి ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు.

పోస్టుని చంపే వాక్యం ఒకటుంది: "తప్పెవరిదో మీరే చెప్పండి." అంతవరకూ తమ కథలు తలుచుకుంటున్నవాళ్ళంతా ఆ మాటతో పెద్దమనుషులైపోతారు. తీర్పులు మొదలవుతాయి. అవతలివైపు స్నేహితుడొకడు వచ్చి "మొత్తం కథ తెలుసా మీకు" అంటాడు. ఒకడు కులం దాకా వెళ్తాడు. తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. తీర్పు అడక్కుండా, జరిగిన పని దగ్గరే పోస్టు ఆపేయాలి.

పేరు రాయలేదు కదా అని ధైర్యపడేవాళ్ళు ఒక సంగతి ఆలోచించాలి. హైదరాబాద్‌లో "ఒక బ్యాంకు ఉద్యోగి" అంటే వేలమందిలో ఒకరు. పాలకొండలో అదే మాటంటే కొద్దిమందిలో ఒకరు. ఊరు, ఉద్యోగం, నెల ఈ మూడూ ఒకే పోస్టులో ఉంటే మన జిల్లాలో మనిషి దొరికిపోయినట్టే. "గత దసరాకి, పైడితల్లమ్మ పండక్కి వాళ్ళ ఊరెళ్ళినప్పుడు, కానిస్టేబుల్ సెలక్షన్ వచ్చాక మారిపోయాడు" అంటే చిరునామా రాసినట్టే. కాలేజీ పేరు, బస్సు రూటు, ఇంటిపేరు తెలిసేలా చేసే ఏ ముక్కైనా అంతే. వివరాలు తీసెయ్యమని అనడం లేదు, వివరాలు లేకపోతే మళ్ళీ వెయ్యి ముక్కల గుండే మిగులుతుంది. మీ వివరాలు ఉంచండి, అవతలివాళ్ళవి తీసెయ్యండి. మీరు నిలబడ్డ స్టేషన్, మీరు చెప్పిన టీలు, మీరు కట్టుకోకుండా బీరువాలో ఉంచేసిన పొందూరు చీర. వాళ్ళ ఉద్యోగం, ఊరు, వాళ్ళింట్లో గొడవలు పాఠకుడికి అక్కర్లేదు. పెట్టే ముందు అదే టౌన్‌లో ఉండి మీ కథ తెలియని స్నేహితురాలికి చూపించి "ఎవరో చెప్పగలవా?" అని అడగండి. ఆమె పట్టేస్తే ఇంకో వివరం తీసేసి మళ్ళీ చూపించండి.

ఒకే పోస్టుకి ఆడపిల్ల చెల్లించే ధర వేరు, మగపిల్లాడిది వేరు. అమ్మాయి రాస్తే "సంబంధాలు చూస్తున్న పిల్ల, ఇవేం రాతలు" అని పిన్ని ఫోన్ అమ్మకి వెళ్తుంది. అమ్మాయిలు అందుకే వేరే పేరుతో ఖాతా పెట్టుకుంటారు, లేదా ఇన్‌స్టాగ్రామ్‌లో క్లోజ్ ఫ్రెండ్స్ జాబితాలో పెడతారు. ఆ జాబితాలో పాతికమందికి మించి ఉంటే అది పబ్లిక్ కిందే లెక్క. అబ్బాయికి వచ్చే మాట "మగాడివి, ఏటలా ఏడుస్తావు?" ఏడవడానికి అనుమతి లేక చాలామంది కుర్రాళ్ళు పాట ముక్కని స్టేటస్‌గా పెట్టి ఊరుకుంటారు. ఒకడు ధైర్యం చేసి నాలుగు వాక్యాలు సూటిగా రాస్తే, కింద అబ్బాయిల కామెంట్లు వరస కడతాయి. ఆ నాలుగు వాక్యాల విలువ తక్కువ కాదు.

వాట్సాప్ స్టేటస్ ప్రత్యేకమైన రోగం. 24 గంటలుంటుంది, ఎవరు చూశారో జాబితా కనిపిస్తుంది. చాలా స్టేటస్‌లు రెండొందల మందికి పెట్టినట్టుంటాయి కానీ ఒకే ఒక్కరి కోసం పెట్టినవి. ఆ పేరు జాబితాలోకి వచ్చిందా అని పది నిమిషాలకోసారి చూసుకోవడంతో రాత్రి గడిచిపోతుంది. హెలెన్ ఫిషర్ బృందం 2010లో, ప్రేమలో తిరస్కారానికి గురైన 15 మంది మెదళ్ళని స్కాన్ చేస్తూ అవతలి మనిషి ఫొటో చూపించింది. మత్తుమందు కోసం తపించేటప్పుడు చురుకయ్యే భాగాలే కదిలాయి. టారా మార్షల్ 2012లో 464 మంది మీద చేసిన అధ్యయనంలో, విడిపోయినవాళ్ళ ఫేస్‌బుక్ పేజీని తరచూ చూసేవాళ్ళలో బాధ, కోరిక ఎక్కువగా, కోలుకోవడం తక్కువగా కనిపించాయి. చెయ్యాల్సింది చిన్న పనే: స్టేటస్ ప్రైవసీలో "మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్" తెరిచి, స్టేటస్ కనిపించకూడని మనిషిగా ఆ ఒక్క నంబర్‌నీ ఎంచుకోండి. తర్వాత కూడా ఆ స్టేటస్ పెట్టాలనిపిస్తే పెట్టండి. చాలాసార్లు అనిపించదు.

చాట్‌ల స్క్రీన్‌షాట్లు, ఫొటోల దగ్గర మాత్రం ఏ మొహమాటమూ లేకుండా చెప్పాలి. కోపంలో అవతలివాళ్ళ ఏకాంతపు ఫొటో పెట్టడం నేరం. ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ళ దాకా, లైంగిక దృశ్యమైతే 67ఏ కింద మొదటిసారే ఐదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. పరువు నష్టానికి భారతీయ న్యాయ సంహిత 356 ఉంది. మీ ఫొటో ఎవరైనా పెడతామని బెదిరిస్తే డబ్బిచ్చి ఊరుకోబెట్టాలని చూడొద్దు, ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు. బెదిరింపు మెసేజ్‌లు చెరపకుండా దాచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, లేదా 1930కి ఫోన్ చెయ్యండి. 18 ఏళ్ళు దాటినవాళ్ళకి స్టాప్ ఎన్‌సీఐఐ అనే సదుపాయం 2021 డిసెంబర్ నుంచి ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్ళదు, దాని అంకెల గుర్తు మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలకి చేరి, అదే ఫొటో అక్కడికి ఎక్కకుండా అడ్డుకుంటుంది.

చదివేవాళ్ళ గురించి కూడా. "వాడు పోతే పోనీ, ఇంకా మంచోడొస్తాడు" అన్న కామెంట్ ఏ పనీ చెయ్యదు. అవతలివాణ్ణి తిట్టే కామెంట్ హాని చేస్తుంది. రేపు ఇద్దరూ కలిసిపోతే ఆ తిట్టు మీకూ ఆ పిల్లకీ మధ్య గోడవుతుంది. ఆర్థర్ ఆరన్ 1997లో ముక్కూమొహం తెలియని జంటల్ని కూర్చోబెట్టి, తేలికవాటితో మొదలై లోతుకి వెళ్ళే 36 ప్రశ్నలు 45 నిమిషాల్లో ఒకరినొకరు అడిగించాడు. ఇద్దరూ సమానంగా తెరుచుకోవడం వల్ల దగ్గరితనం పుట్టింది. కామెంట్‌కీ అదే కొలత: ఎదుటివాళ్ళు ఎంత తెరిచారో మీరూ అంతే, మీ సొంత సంగతి ఒకటి, రెండు వాక్యాల్లో. పోస్టు పెట్టినవాళ్ళు కూడా పొడుగు కామెంట్‌కి ఒక్క హృదయం బొమ్మ పెట్టి వదిలెయ్యకూడదు. తన కథ చెప్పుకున్న మనిషికి ఒక వాక్యమైనా బదులు రాయాలి.

ఇక పోస్టులో "ఇదే ఆఖరు", "నేను లేకపోయినా" లాంటి మాట కనిపిస్తే కామెంట్ రాస్తూ కూర్చోవద్దు. వెంటనే ఫోన్ చెయ్యండి. ఎత్తకపోతే అదే ఊళ్ళో ఉన్న ఇంకొకరిని ఇంటికి పంపండి. అలిగింది, రేపు సర్దుకుంటుందని అనుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. ఆ మనిషి తనంతట చెయ్యలేకపోతే పక్కన కూర్చుని మీరే నంబర్ నొక్కి ఫోన్ చేతికివ్వండి. ఆ సంభాషణ అయ్యేదాకా గదిలోంచి వెళ్ళొద్దు. మర్నాడు మళ్ళీ ఎన్నింటికి ఫోన్ చేస్తారో గంటతో సహా చెప్పి, ఆ గంటకి చెయ్యండి.